కొండ నుంచి మడ అడవి దాకా

హిందూ మహాసముద్రం మీంచి వచ్చే తడిగాలికి మధ్య మొజాంబిక్‌లో అడ్డంగా నిలబడ్డ కొండ గొరొంగోజా. చుట్టుపక్కలంతా పల్లపు నేల. కొండ మాత్రం గొగొగో శిఖరం దగ్గర 1,863 మీటర్ల ఎత్తుకి లేస్తుంది. సముద్రం నుంచి వచ్చిన మబ్బు ఇక్కడ ఆగి కురుస్తుంది. పైన ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడితే, కింద లోయలో అందులో సగానికి అటూ ఇటూగా పడుతుంది. లోయలో గడ్డి ఎండి నేల నెర్రెలిచ్చే సెప్టెంబరులో కూడా కొండ నెత్తిన మబ్బు కమ్మి తుంపర రాలుతుంది. వుందూజీ, ముయేరా, చితుంగా, న్యండారే అనే ఏర్లు ఆ తుంపర మీద బతికి, ఎండాకాలంలోనూ ఆగకుండా కిందికి దిగుతాయి. ముందో వెనకో అన్నీ చేరేది పుంగ్వే నదిలోకే. పుంగ్వే బెయిరా రేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

గొరొంగోజా జాతీయ పార్కుకి సఫారీకి వచ్చేవాళ్లు సింహాల కోసం నేరుగా లోయకి పోతారు. వీలున్నవాళ్లని ముందు కొండెక్కమంటాను. లోయలో కనిపించే ప్రతి జంతువూ తాగే నీళ్లలో కొండ వాటా ఉంది. దాదాపు వంద మీటర్ల ఎత్తు నుంచి దూకే మురొంబోజీ జలపాతం దగ్గర నిలబడితే అది ఒంటికి తెలుస్తుంది. ఇక్కడివాళ్లు కొండని పవిత్రంగా చూస్తారు. ఆకుపచ్చ తల, పసుపు పొట్ట ఉన్న ఓరియోల్ పక్షి ఒకటుంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగం మొత్తంలో అది కనిపించేది ఈ కొండ అడవిలోనే. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు దాని కోసమే ఇంత దూరం వస్తారు.

ఇంత ముఖ్యమైన కొండ 2010 దాకా పార్కులో లేదు. కెనెత్ టిన్లీ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1960ల చివర్లో, 70ల మొదట్లో ఇక్కడ పనిచేసి, విమానం మీంచి జంతువుల్ని లెక్కపెట్టి, మట్టినీ నీటినీ గడ్డినీ చెదపుట్టల్నీ కలిపి చదివాడు. 1977లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన చెప్పింది సూటి సంగతి: పార్కు సరిహద్దు తప్పు చోట గీశారు. కొండ మీద అడవి పోతే ఏర్లు వానాకాలపు వాగులైపోతాయి, లోయలో సరస్సు ఎండిపోతుంది, ఆ తర్వాత ఏ జంతువునీ ఏ కంచే కాపాడలేదు. కొండ నుంచి సముద్రపొడ్డు మడ అడవుల దాకా ఒకే క్షేత్రంగా కాపాడాలని ఆయన కోరిక. కొండ మీద 700 మీటర్లకి పైనున్న భాగాన్ని పార్కులో కలపడానికి అప్పటి నుంచి ముప్పై మూడేళ్లు పట్టింది. ఆ లోపు యుద్ధాలు జరిగాయి. దిక్కులేని జనం పైపైకి వెళ్లి చెట్లు నరికి, కాల్చి, మొక్కజొన్నా బంగాళాదుంపా వేసుకున్నారు. పోడు చేసినవాళ్లని నేను తప్పుపట్టలేను. కింద మందుపాతరలు, పైన మంచి వాన. వాళ్లకి ఇంకో దారి ఎక్కడుంది?

ఇప్పుడు ఆ పోడు పొలాల్లో కాఫీ పెరుగుతోంది. పార్కు వాళ్లు అరాబికా మొక్కలిస్తారు. కాఫీకి నీడ కావాలి కనక వరసల మధ్య కొండ అడవికి చెందిన చెట్లే నాటిస్తారు. తొలి కాపు రావడానికి మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లూ ఇల్లు గడవాలి కాబట్టి మధ్యలో తిండిపంటలు వేసుకుంటారు. వందల కుటుంబాలు ఈ పనిలో ఉన్నాయి, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. అరకు కొండల్లో ఆదివాసీల కాఫీ తోటలు చూసిన తెలుగువాళ్లకి ఈ ఏర్పాటు చూడగానే అర్థమవుతుంది. తేడా అల్లా, ఇక్కడ మొక్కలు నాటుతున్న రోజుల్లో కూడా తుపాకులు పేలాయి. 2013లో మళ్లీ రాజుకున్న ఘర్షణ కాలంలో తిరుగుబాటు పక్షం రెనామో నాయకుడు అఫోన్సో ధ్లకామా ఈ కొండల్లోనే తలదాచుకున్నాడు. 2018 మేలో ఇక్కడే చనిపోయాడు.

వుందూజీ వెంట కిందికి దిగుతుంటే పొడి అడవి మొదలవుతుంది. కొండ అంచులో ఒకప్పుడు కాజా బనానా అనే స్థావరం ఉండేది, అంటే రెనామో సైన్యపు ముఖ్య శిబిరం. పోర్చుగీసు పాలన నుంచి 1975లో స్వతంత్రం వచ్చిన రెండేళ్లకే అంతర్యుద్ధం మొదలైంది. ఒకవైపు ఫ్రెలిమో ప్రభుత్వం, ఇంకోవైపు రెనామో. దేశం నడుం దగ్గరున్న ఈ అడవి రెండు పక్షాలకీ యుద్ధభూమి అయింది. 1981 డిసెంబరులో పార్కు ముఖ్య విడిది చితెంగో మీద దాడి జరిగింది. 1983లో పార్కుని వదిలేసి అందరూ వెళ్లిపోయారు. 1985లో జింబాబ్వే సేనలు, ప్రభుత్వ సేనలు కలిసి కాజా బనానాని పట్టుకున్నాయి. అయినా యుద్ధం ఆగలేదు. 1992 అక్టోబరులో రోమ్‌లో ఒప్పందం కుదిరే వేళకి దేశంలో చచ్చిపోయినవాళ్లు దాదాపు పది లక్షలు. జంతువుల లెక్క చెప్పేముందు ఈ లెక్క చెప్పాలి.

యుద్ధంలో ఏనుగు దంతం తుపాకీ అయింది, దున్న మాంసం సైన్యానికి కూడయింది. శాంతి వచ్చాక కూడా కొన్నాళ్లు వేట ఆగలేదు. కాపలా లేని అడవిలోకి వ్యాపారపు వేటగాళ్లు దిగారు. 1972లో 2,500 దాటిన ఏనుగులు 2000 నాటికి 250కి లోపు. సుమారు 14,000 దున్నలు, 3,500 నీటిగుర్రాలు ఉండేవి. దున్నలూ విల్డెబీస్ట్‌లూ జీబ్రాలూ చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. చిరుతలు, అడవికుక్కలు, దుమ్ములగొండ్లు పూర్తిగా మాయమయ్యాయి. కొద్దిపాటి సింహాలు మిగలడమే వింత.

మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఇక్కడివాళ్లే. 1990ల మధ్యలో బల్దేవు షాందే వంటి పాత ఉద్యోగులు తిరిగొచ్చారు. కాపలాకి తీసుకున్నవాళ్లలో రెండు సైన్యాల మాజీ సైనికులూ ఉన్నారు. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు కాల్చుకున్నవాళ్లు ఒకే జట్టుగా ఉచ్చులు ఏరుతూ తిరిగారు. అమెరికాలో టెలిఫోన్ వ్యాపారంలో సంపాదించిన గ్రెగ్ కార్ 2004లో వచ్చాడు. 2008లో ఆయన సంస్థకీ మొజాంబిక్ ప్రభుత్వానికీ ఇరవై ఏళ్ల ఒప్పందం కుదిరింది. 2018లో దాన్ని ఇంకో ఇరవై అయిదేళ్లు పొడిగించారు. ఈ పార్కు కథ చెప్పేవాళ్లు ఎక్కువగా కార్‌తో మొదలుపెడతారు. ఆయన డబ్బూ పట్టుదలా లేకపోతే ఇది జరిగేది కాదు, నిజమే. కానీ జీతం సరిగ్గా రాని రోజుల్లో మందుపాతరల మధ్య నడిచిన ఆ కాపలావాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. నా లెక్కలో వాళ్లు ముందు వస్తారు.

ఏరు లోయలోకి దిగాక చూపు ఎక్కడా ఆగదు. ఆఫ్రికా తూర్పు భాగాన్ని నిలువునా చీల్చిన మహా పగులు లోయకి ఇది దక్షిణపు చివర. పడమటి పీఠభూమి నుంచీ, తూర్పున షెరింగోమా సున్నపురాతి గట్టు నుంచీ వాగులు ఇటే జారతాయి. అవి ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఒండ్రు రెండు వైపుల నుంచీ పేరుకుని సహజమైన ఆనకట్టలా నిలిచింది. దాని వెనక నిలిచిన నీరే ఉరేమా సరస్సు. ఎండాకాలం చివర్లో ఇది పది చదరపు కిలోమీటర్లకి కుంచించుకుపోతుంది, మంచి వానల్లో రెండు వందలకి విస్తరిస్తుంది. వానాకాలంలో జీపు దారులన్నీ నీళ్ల కింద ఉంటాయి కాబట్టి పార్కు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకానే తెరిచి ఉంటుంది.

ఇక్కడ సఫారీ అంటే ఈ వరద మైదానం. తెల్లవారుజామున చితెంగో నుంచి జీపు బయల్దేరితే ముందు తాటి కుటుంబపు లాలా చెట్లు, తర్వాత పసుపుపచ్చ బెరడుతో మెరిసే జ్వరవృక్షాలు. బురద, దోమలు ఉన్నచోట పెరుగుతాయి కనక పూర్వం తెల్లవాళ్లు జ్వరాన్ని ఈ చెట్లకి అంటగట్టారు. ఆ చెట్లు దాటగానే గడ్డి. గడ్డి నిండా వాటర్‌బక్‌లు. వెనక తెల్లటి సున్నా చుట్టినట్టుండే ఈ పెద్ద జింకలు వందలు కావు, వేలు. టిన్లీ కాలంలో మూడున్నర వేలు ఉండేవి, 2018 నాటికి యాభై వేలు దాటాయి. మొదటిసారి చూసినవాళ్లకి అది సంబరంగా ఉంటుంది. కొంచెంసేపు చూశాక అడగాల్సిన ప్రశ్న వస్తుంది: ఇంత గడ్డి తినాల్సిన దున్నలూ నీటిగుర్రాలూ ఎక్కడ? ఆ ఖాళీలోకే వాటర్‌బక్ పెరిగింది. 2006 నుంచి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వైపు నుంచి దున్నల్నీ విల్డెబీస్ట్‌లనీ లారీల్లో తెచ్చి, 62 చదరపు కిలోమీటర్ల కంచెలో పెంచి వదిలారు. దున్నలు వెయ్యి దాటాయి. పద్నాలుగు వేలకి వెళ్లడం ఇప్పట్లో జరిగేది కాదు. మొత్తం పెద్ద జంతువులు ఇప్పుడు లక్షకి దగ్గర. ఆ లక్షలో ఎవరెవరు ఎంతమంది అన్నది మాత్రం పాత గొరొంగోజాలో ఉన్నట్టు లేదు. పోయింది పోయినట్టే తిరిగొచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వచ్చింది వేరే రూపంలో వచ్చింది. అదీ విలువైనదే.

మైదానంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఒక ముళ్ల పొద. మైమోసా పిగ్రా, మన పిల్లలు ముట్టుకుని ఆడుకునే అత్తిపత్తికి దగ్గర చుట్టం. మనిషి కన్నా ఎత్తు పెరిగి, మైదానాన్ని మింగేసే కలుపు అది. జంతువులు లేని ఏళ్లలో అది ఇక్కడ విచ్చలవిడిగా పెరిగింది. మేసే నోళ్లు తిరిగి వచ్చాక వెనక్కి తగ్గింది. శాస్త్రవేత్తలు కొన్ని పొదల చుట్టూ కంచె వేసి, కొన్నింటిని వదిలేసి పోల్చి చూశారు. వాటర్‌బక్‌లతో సహా చాలా జింకలు దాన్ని మేస్తున్నాయని 2020లో ప్రచురించారు. ఏ మందూ చల్లలేదు. మేతే మందయింది.

వేటాడే జంతువు లేకపోతే భయం కూడా పోతుందని తెలిసింది కూడా ఈ మైదానంలోనే. బుష్‌బక్ అనే జింక పొదల చాటున ఒంటరిగా బతికే జాతి. చిరుతలూ అడవికుక్కలూ పోయాక అది పొదలు వదిలి బయలు నేలలోకి వచ్చి మంచి మేత మేయడం మొదలుపెట్టింది. పరిశోధకులు చిరుత అరుపుల్ని స్పీకర్లలో వినిపించారు, వేటాడే జంతువుల వాసన పెట్టారు. చిరుతని జన్మలో చూడని జింకలు కూడా చాటుకి మళ్లాయి. 2018లో దక్షిణాఫ్రికా నుంచి పద్నాలుగు అడవికుక్కల్ని తెచ్చి వదిలారు. అదే ఏడాది ఎన్నో ఏళ్ల తర్వాత ఒక చిరుత తనంతట తానే కెమెరాకి చిక్కింది. దుమ్ములగొండ్లని ఆ తర్వాత తెచ్చారు. సింహాలు మాత్రం ఎవరూ తేకుండానే పెరిగాయి. వాటికి కావాల్సింది ఉచ్చులు లేని నేల ఒక్కటే. ఉచ్చు జింక కోసం పెట్టినా సింహం కాలు తెగుతుంది.

మైదానంలో సింహాల ఇల్లు అని ఒక శిథిల కట్టడం ఉంది. పార్కు 1960లో జాతీయ పార్కు కావడానికి చాలా ముందే, ఇది ఇంకా వేట అభయారణ్యంగా ఉన్నప్పుడు పోర్చుగీసువాళ్లు ఇక్కడ విడిది కట్టారు. వరద ఎంత దూరం వస్తుందో వాళ్లు అంచనా వేయలేదు. రెండేళ్లకే వదిలేయాల్సి వచ్చింది. మనుషులు పోయాక సింహాలు చేరి, మేడ మీద పడుకోవడం మొదలుపెట్టాయి. కొత్త విడిదిని మిట్ట మీద చితెంగోలో కట్టారు.

ఇక ఏనుగులు. మన దేశంలో ఆడ ఏనుగుకి బయటికి దంతాలు కనిపించవు కనక తెలుగు పాఠకులకి ఇది కొంచెం విడమరచి చెప్పాలి. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి, లేనివి అరుదు. గొరొంగోజాలో యుద్ధానికి ముందు అలాంటి ఆడ ఏనుగులు 18.5 శాతం. యుద్ధం దాటి బతికినవాటిలో 50.9 శాతం. దంతం కోసం కాల్చేవాడికి దంతం లేని ఏనుగుతో పని లేదు కాబట్టి అవి మిగిలాయి. యుద్ధం తర్వాత పుట్టిన ఆడపిల్లల్లోనూ మూడో వంతుకి దంతాల్లేవు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీని వెనక ఎక్స్ క్రోమోజోమ్ మీది మార్పు ఉందని చూపించింది. ఆ మార్పు ఆడపిల్లకి దంతం రాకుండా చేస్తుంది, మగపిల్లని కడుపులోనే చంపుతుంది. అందుకే దంతంలేని మగ ఏనుగు ఇక్కడ కనిపించదు. పదిహేనేళ్ల యుద్ధం ఒక జాతి రక్తంలోకి దిగి మగబిడ్డల్ని ఇంకా తీసుకుపోతోంది. ఈ సంగతి తెలిశాక, దంతంలేని ముసలి తల్లి ఏనుగు మందని దాటిస్తుంటే నేను కెమెరా తీయలేకపోయాను.

ఆ తరం ఏనుగులు బతికే ఉన్నాయి. మందల్ని నడిపేది అవే. జీపు శబ్దం వాటికి సైనికుల బండి శబ్దం. కొన్నేళ్ల క్రితం దాకా ఇక్కడి మందలు బండిని చూస్తే మీదికి వచ్చేవి. ఏనుగుల ప్రవర్తనని జీవితమంతా చదివిన జాయిస్ పూల్ ఇక్కడికి వచ్చి ఒక్కో కుటుంబాన్నీ గుర్తుపట్టి, బండ్లు ఎంత దూరంలో ఆగాలో, ఎలా నిశ్చలంగా నిలబడాలో గైడ్లకి తెలియజెప్పింది. ఇప్పటికీ ఏనుగులు కనిపించగానే గైడు ఇంజన్ ఆపి, మాట్లాడొద్దని చేయి చూపిస్తాడు. వాటి అంతట అవి తల తిప్పి మేతలో పడేదాకా ఎవరమూ కదలం. వాటి నమ్మకం సంపాదించడం మన పని, వాటి పని కాదు.

ఉరేమా సరస్సు మొసళ్లతో, కొంగలతో, పెలికాన్లతో నిండి ఉంటుంది. దాని దక్షిణపు మూల నుంచి ఉరేమా అనే పేరుతోనే నది బయటికి వచ్చి, మెల్లగా, ఒండ్రు మధ్య మెలికలు తిరిగి పుంగ్వేలో కలుస్తుంది. జింబాబ్వే తూర్పు కొండల్లో పుట్టి వచ్చిన పుంగ్వే ఇక్కడ పార్కుకి దక్షిణపు హద్దు. అవతలి ఒడ్డున ఊళ్లు, చేలు.

ఏనుగులు రాత్రిపూట ఈ నది దాటి మొక్కజొన్న చేలలో పడతాయి. ఒక్క రాత్రిలో ఒక కుటుంబం ఏడాది తిండి పోతుంది. అడవిని మెచ్చుకునే మనలాంటివాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి ఆలోచించాలి. ఏనుగులు నదిని ఎక్కడపడితే అక్కడ దాటవు, కొన్ని రేవుల్లోనే దాటతాయి. పరిశోధకులూ ఊరివాళ్లూ కలిసి ఆ రేవుల దగ్గర తేనెటీగల పెట్టెలు కంచెలా వరసగా కట్టారు. కంచె కదిలితే తేనెటీగలు లేస్తాయి. ఏనుగు వెనక్కి తిరుగుతుంది. ఊరికి తేనె మిగులుతుంది. పార్కు ఏనుగుల మీద పనిచేసే ముఖ్య శాస్త్రవేత్త డొమినీక్ గొన్సాల్వెస్ మొజాంబిక్ అమ్మాయే. పార్కు లోపలే నడిచే జీవసంరక్షణ ఎం.ఎస్‌సి. చదువు 2017లో మొదలైంది. అందులో చేరేది ఈ దేశపు పిల్లలే. చుట్టూ ఉన్న ఊళ్లలో సుమారు రెండు లక్షల మంది ఉంటారు. ఆడపిల్లల క్లబ్బులు బడి అయ్యాక చదువు చెప్పి, చిన్నతనపు పెళ్లిళ్లని అడ్డుకుంటాయి. జంతువుల పార్కుకి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. బడి మానేసిన పిల్ల తమ్ముడి చేతిలోనే రేపు ఉచ్చు ఉంటుంది.

2019 మార్చి 14 రాత్రి ఇదాయ్ తుపాను బెయిరా మీద విరుచుకుపడింది. పుంగ్వే, బూజీ నదులు రెండూ పొంగి, ఉపగ్రహ చిత్రాల్లో లోపలి నేల సముద్రంలా కనిపించింది. మొజాంబిక్‌లోనే ఆరు వందల మందికి పైగా చనిపోయారు. పార్కు రేంజర్లు సహాయ సిబ్బంది అయ్యారు. పడవల్లో, హెలికాప్టర్లలో, కాలినడకన తిండి మోశారు. ఉరేమా మైదానంలో కట్టలు లేవు, ఇళ్లు లేవు, నీటికి పరుచుకునే చోటు ఉంది. అది పట్టుకున్న నీరంతా ఆ రాత్రులు కిందికి దూకి ఉంటే పుంగ్వే ఒడ్డు ఊళ్లలో ఏమయ్యేదో! జంతువుల్లో ఏనుగుల వంటి పెద్దవి గట్టెక్కాయి. ఒరిబి, రీడ్‌బక్ వంటి చిన్న జింకలు సగం దాకా పోయాయి. ఆ ఏడాదే ఆగస్టు 1న, అప్పటి అధ్యక్షుడు ఫిలిపె న్యూసీ, రెనామో కొత్త నాయకుడు ఒసూఫో మొమాదే కాల్పుల విరమణ మీద సంతకాలు చేయడానికి ఎంచుకున్న చోటు చితెంగో. 1981లో దాడి జరిగిన చితెంగోయే.

పార్కు దాటాక పుంగ్వే ఉప్పునీటి వాసన పట్టి, బురదగోధుమ రంగుకి తిరిగి, మడ చెట్ల మధ్య బెయిరా మొగకి చేరుతుంది. సముద్రమట్టానికి ఏమంత ఎత్తులేని ఊరు. రేవులో జింబాబ్వే, మలావీ సరుకులు, మొయాటీజ్ గనుల బొగ్గు. బొగ్గు తెచ్చే సేనా రైలుమార్గాన్ని యుద్ధం తర్వాత బాగుచేసే పని మొదట తీసుకున్నది మన దేశపు కంపెనీల కూటమి. ఇంకో సరుకు మనకి ఇంకా దగ్గరది, కందులు. మధ్య మొజాంబిక్ రైతులు కంది పండిస్తారు గాని పెద్దగా తినరు. పంట దాదాపు అంతా భారతదేశానికే. మన దగ్గర కందిపప్పు ధర మండిపోయిన తర్వాత, 2016లో, ఏటా లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల దాకా కొంటామని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. రైతులు ఆశతో సాగు పెంచారు. మరుసటి ఏడాది మన దగ్గర పంట బాగా పండి, దిగుమతులకి పరిమితి పెట్టేసరికి అక్కడ ధర కుప్పకూలింది. అడవి చుట్టూ ఉన్న ఊళ్లలో పంట అమ్ముడవని ఏడాది ఇల్లు గడవడానికి దొరికే దారులు రెండు: చెట్టు నరికి బొగ్గు కాల్చి అమ్మడం, తీగ తెచ్చి ఉచ్చు పన్నడం. గొరొంగోజాలో రేంజర్లు కాసే కాపలా ఎంత గట్టిదైనా, ఆ ఏడాది ఒత్తిడిలో కొంత మన వంటింటి నుంచి వెళ్లింది. కాఫీనీ తేనెనీ తామే కొని నిలకడగా డబ్బు చెల్లించాలని పార్కు వాళ్లు పట్టుబట్టేది అందుకే. కందికి మాత్రం అలాంటి కొనేవాడు ఇంకా రాలేదు.